క్షమాపణ బిళ్లలు

ఉత్తుత్తి ప్రయాణమైనా నిజం బట్టలతోనే చేయాలని క్లినిక్‌లో చెప్పారు కాబట్టి చిహారు నల్ల సూటు వేసుకుంది, మడమలు కొరికే నల్ల బూట్లు తొడుక్కుంది, ఆఫీసు గుర్తింపు కార్డు మెడలో తగిలించుకుంది, ముఖానికి తెల్ల మాస్కు పెట్టుకుంది, మిఠాయి పెట్టె ఒళ్లో పెట్టుకుని రైల్లో తలుపు పక్క సీట్లో కూర్చుంది. మూడు నెలల జబ్బు సెలవు అయిపోయింది, సోమవారం నుంచి నిజంగానే ఆఫీసు. అందాకా రోజూ పొద్దున్నే ఇదే రైలెక్కి, హొమ్మచి స్టేషన్లో దిగి, ఆఫీసుకు ఎదురుగా ఉన్న కాఫీ కొట్లో గంటసేపు కూర్చుని, వాంతి చేసుకోకుండా, ఏడవకుండా ఇంటికి తిరిగి రావాలి. దీన్ని రాకపోకల సాధన అంటారు. ఈత రానివాడికి ఈత నేర్పారంటే అర్థముంది. మునిగి, నీళ్లు మింగి, ఎవరో జుట్టు పట్టి లాగితే ఒడ్డున పడ్డదాన్ని కూర్చోబెట్టి, ఇప్పుడు మళ్లీ మునగడం సాధన చెయ్యమ్మా అనే తెలివి ఈ ఊళ్లో తప్ప ఇంకెక్కడా పుట్టి ఉండదు. ఇవాళ ఆఖరి సాధన. ఆఖరి రోజున సోమవారం ఏమేం పట్టుకెళ్తారో అన్నీ పట్టుకెళ్లండి అన్నారు. అందుకే ఈ పెట్టె.

పెట్టె మీద ఊదారంగు కాగితం. నిన్న పెద్ద కొట్టు కింది అంతస్తులో కొంటుంటే అమ్మే పిల్ల, "ఏ సందర్భానికండీ?" అనడిగింది. పెళ్లికా, పరామర్శకా, క్షమాపణకా అన్నదాన్ని బట్టి చుట్టే కాగితం మారుతుంది. "జబ్బు చేసింది" అంది చిహారు. "అయ్యో, ఆస్పత్రిలో ఉన్నది మీకేమవుతారండీ?" "ఆస్పత్రి లేదు, చుట్టాలూ లేరు. జబ్బు చేసింది నాకే, పంచేదీ నేనే." ఆ పిల్ల కనురెప్పైనా వెయ్యలేదు. "ఆఫీసుకా? అయితే ఊదా" అని చకచకా చుట్టేసింది. ఎంతమందికి చుట్టి ఉంటుందో. జబ్బు చేసినవాళ్ల దగ్గరికి పళ్లు పట్టుకెళ్లడం లోకం తీరు. ఇక్కడ మంచాన పడ్డవాళ్లే లేచి వచ్చి, మీకు శ్రమ కలిగించాను, నా వల్ల మీకు పని పెరిగింది అంటూ బల్ల బల్లకీ ఒక బిళ్ల పెట్టుకుంటూ పోవాలి. అవి కూడా విడివిడిగా చుట్టినవే అయి ఉండాలి. కోసి పంచేవి తెస్తే ఆ చాకు ఎవరు కడగాలన్నది మళ్లీ ఒక తగువు. బియ్యప్పిండి పెంకుల మధ్య ఎర్ర అలసందల పూర్ణం పెట్టిన బిళ్లలు, చల్లారినా పాడవవు, ఎవరి మనసునూ నొప్పించవు. చచ్చాక కూడా వీళ్లు బూడిదను విడివిడిగా చుట్టి, నా చావు వల్ల మీకు అసౌకర్యం కలిగింది అని పంచమంటారు, అనుకుంది చిహారు. మాస్కు లోపల పెదవి వంకర పోయింది. ఆ వంకర ఈమధ్య దానంతట అదే వస్తోంది.

పెట్టెదేముంది, పెట్టె బరువు లేదు. బరువంతా ఆ వాక్యానిది. సెక్షన్ చీఫ్ కుసానో నిన్న సాయంత్రం ఫోన్ చేసి, అలవాటుగా ఇంటిపేరుతో పిలిచి మరీ అప్పజెప్పాడు. "ఇసోబె గారూ, సోమవారం ఉదయ సమావేశంలో ఒక్క ముక్క చెప్పేస్తే సరిపోతుందండీ. పెద్దదేం కాదు. 'నా ఆరోగ్యాన్ని నేను సరిగా చూసుకోలేకపోవడం వల్ల మీ అందరికీ ఇబ్బంది కలిగింది, క్షమించండి.' అంతే. అందరి మనసులూ తేలికపడతాయి." "నేను సరిగా చూసుకోలేకపోవడం వల్లనా అండీ?" "అబ్బే, అది మాట వరసకండీ. అందరూ అలాగే అంటారు కదా." "అనకపోతే?" కుసానో గొంతు తగ్గించి, "అనకపోతే మరి, జనరల్ మేనేజర్ గారు మీరింకా కోలుకోలేదేమో అనుకుంటారు. గోదాము విభాగంలో లెక్కపెట్టే పనేదో ఉందట, అటు పంపుతారు. నా చేతిలో ఏముంది చెప్పండి" అన్నాడు. నీ చేతిలో ఏదైనా ఎప్పుడుంది గనక. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. పద్నాలుగేళ్లు ఈ కంపెనీ చెవిలో పడే తిట్లన్నీ తన చెవితో విన్నది, ఇప్పుడు గోదాములో అట్టపెట్టెలు లెక్కపెట్టాలి. క్లినిక్‌లో డాక్టర్ మకిటా మాత్రం వేరేలా అంది. "ఆ మాట నిజమని మీకు అనిపిస్తే చెప్పండి. అనిపించకుండా చెప్పారనుకోండి, ఎండాకాలం లోపు మళ్లీ ఈ కుర్చీలోనే కూర్చుంటారు." ఒకరేమో చెప్పమంటారు, ఒకరేమో చెప్పొద్దంటారు, గొంతు మాత్రం చిహారుది. రాత్రి అద్దం ముందు నిలబడి నాలుగైదుసార్లు ప్రయత్నించింది. 'ఇబ్బంది' దాకా బాగానే వచ్చింది. 'కలిగింది' దగ్గర దీపం ఆర్పేసి పడుకుంది.

రైలు కొండ దిగువన ఎక్కినప్పుడు ఖాళీగా ఉంది. నగరం దగ్గరయ్యే కొద్దీ నిండుతోంది. ఎదురు వరుసలో అందరూ మెడలు వాల్చి నిద్రపోతున్నారు. తమ స్టేషన్ రాగానే ఎవరో తట్టి లేపినట్టు లేచి, కళ్లు పూర్తిగా తెరవకుండానే దిగిపోతారు. నిద్రలో కూడా కంపెనీకి ఆలస్యం కాని జాతి. కుక్క నయం, పిలిస్తే గానీ లేవదు. అదిగో, ఆ మూల కుర్రవాడు గోధుమరంగు చిన్న టానిక్కు సీసా మూత తిప్పి, నిద్ర రాకుండా గడగడా తాగేశాడు. నాలుక మీద మందు రుచి, రెండు గంటలు గుండె దడ, ఆ తర్వాత ఇంకో సీసా. చిహారు బల్ల సొరుగులో అలాంటి ఖాళీ సీసాలు తెరిచినప్పుడల్లా గలగలమనేవి. ఆ చప్పుడుకు పక్కసీటావిడ నవ్వి, "ఇసోబె గారూ, పండగ మీ సొరుగులోనే ఉందండోయ్" అనేది. అందరి సొరుగుల్లోనూ ఉండేది ఆ పండగ.

అసలు తను పనిచేసే విభాగానికి పెట్టిన పేరు చూడాలి. మొదట్లో దాని పేరు ఫిర్యాదుల విభాగం, ఆ పేరులో కనీసం నిజాయితీ ఉండేది. తర్వాత ఎవడో సలహాదారు డబ్బు తీసుకుని దాన్ని 'హృదయ వారధి' చేశాడు. అన్నం కుక్కర్లు తయారుచేసే కంపెనీకి హృదయం ఎక్కడుందో, దానికి వారధి కట్టేదెవరో. అడుగున మాడినా, మూత పట్టేసినా, ఆవిరికి చెయ్యి కాలినా ఫోన్ హృదయ వారధికే వస్తుంది. పొద్దున్న తొమ్మిదింటికి అందరూ వరసగా నిలబడి 'వేడి అన్నం, వెచ్చని మనసు, విసుగెరుగని సేవ' అని మూడుసార్లు అరవాలి. వెనక ఎవరు గొంతు తగ్గించారో జనరల్ మేనేజర్ హిరాయామా చెవి పెట్టి వింటాడు. ఆయన ఇంట్లో అన్నం ఏ కుక్కర్లో ఉడుకుతుందో ఆయనకే తెలియదు, వండేది వాళ్లావిడ. మనుషులు వరసగా సెలవు పెట్టడం మొదలయ్యాక ఆరోగ్య శిబిరం అంటూ ఒకటి పెట్టారు. తెల్ల ప్యాంటు వేసుకున్న ఒకావిడ వచ్చి, అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఊపిరి లోపలికి తీసుకోండి, మీ లోపల ఒక సరస్సు ఉందనుకోండి అంది. శిబిరం పనిగంటల్లో పెట్టలేదు, భోజనం వేళలో పెట్టారు. అన్నం మానేసి సరస్సులు ఊహించుకున్నారు అందరూ. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అన్నారా. చిహారు తన లోపల చూసుకుంటే సరస్సు కనబడలేదు, ఎర్ర దీపం కనబడింది. ఫోన్ మీద వెలిగే ఎర్ర దీపం, ఇంకో కాల్ వరసలో ఉందని చెప్పేది.

ఫోన్లో క్షమాపణ చెప్పేటప్పుడు తల వంచాలి. అవతలివాళ్లకు కనబడదు కదా అంటే, గొంతులో తెలుస్తుంది అంటాడు కుసానో. చేరిన కొత్తలో అతనే పక్కన నిలబడి నేర్పాడు. "నడుము నుంచి వంగాలండీ, మెడ నుంచి కాదు. మెడ నుంచి వంగితే గొంతు ముక్కులో పడుతుంది." నిజమే, పడుతుంది. పద్నాలుగేళ్లు చిహారు ప్లాస్టిక్ ముక్కకు నమస్కారాలు పెట్టింది. వంగిన ప్రతిసారీ చెక్కబల్ల అంచు మీద ముక్కు దగ్గర ఊపిరి మరక పడేది, సాయంత్రం గుడ్డతో తుడిచేది. మాఘమాసపు చలి రోజుల్లో ఒక మధ్యాహ్నం సకాయి నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. ఆవిడ అంతకుముందూ రెండుసార్లు చేసింది. "అమ్మాయ్, అన్నం బాగానే ఉడుకుతోందమ్మా. పాటే రావడం లేదు." ఈ కంపెనీ కుక్కర్ అన్నం ఉడకగానే చిన్నపిల్లల పాటలాంటి చిన్న స్వరం ఒకటి వాయిస్తుంది. "సాయంత్రం మా ఇంట్లో ఆ పాట తప్ప ఇంకో చప్పుడుండదు. పాట వస్తే లేచి వెళ్లి వడ్డించుకుంటా. రాకపోతే తోచదు, కూర్చునే ఉంటా." చిహారు మీట నొక్కి తన గొంతు అటు వినబడకుండా చేసి, పక్కసీటావిడతో, "ముసలిదానికి అన్నం చాల్లేదు, కచేరీ కావాలట" అంది. పక్కసీటావిడ పకపకా నవ్వింది. తర్వాత చిహారు మీట తీసి, గొంతులో తేనె పోసుకుని, "అన్నం సరిగా ఉడుకుతోంది కాబట్టి వస్తువులో లోపం లేదని తెలియజేస్తున్నాం. మీకు కలిగిన అసౌకర్యానికి మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుకుంటున్నాం" అని నడుము నుంచి వంగింది. వంగి, అలాగే ఉండిపోయింది. నుదురు బల్లకు ఆనింది. లేవాలని తెలుసు, ఎలా లేవాలో తెలియలేదు. నొప్పి లేదు, ఏడుపు లేదు. చెక్క చల్లగా ఉంది. "అమ్మాయ్, ఉన్నావా?" అంటోంది ఫోన్లో ఆవిడ. వెనక నుంచి కుసానో బూట్ల చప్పుడు దగ్గరకు వచ్చి ఆగింది. "ఇసోబె గారూ" అన్నాడు మెల్లగా, "ఇంకో కాల్ వరసలో ఉందండీ."

ఆ మాట కోసమైనా వాణ్ణి జన్మంతా అసహ్యించుకోవచ్చు, అనుకుంది చిహారు. మూడు నెలలుగా చేస్తున్న పని అదే. పక్కమీద పడుకుని పైకప్పు వంక చూస్తూ, అన్నం నములుతూ, బట్టలు ఆరేస్తూ కుసానోను తలుచుకుని తలుచుకుని అసహ్యించుకుంది. అతని బట్టతల మీద జాగ్రత్తగా అడ్డం దువ్విన వెంట్రుకలు. ఎవరేమన్నా "అవునవును, నిజమే నిజమే" అనే అతని నోరు. పైవాడు తిట్టినప్పుడు నవ్వే నవ్వు, కిందవాళ్లు ఏడ్చినప్పుడు నవ్వే నవ్వు, రెండూ ఒకటే. ఎవరికైనా ఒంట్లో బాగా లేదంటే, "నేనూ జ్వరంతోనే వచ్చానండీ" అని గొప్పగా చెప్పుకోవడం. జ్వరంతో వచ్చి నువ్వేం ఉద్ధరించావురా నాయనా, ఇంకో నలుగురికి అంటించావు.

డాక్టర్ మకిటాకు ఇదంతా చెప్పినప్పుడు ఆవిడ కళ్లజోడు తీసి గౌను అంచుతో తుడుచుకుంటూ, "మనుషులంటే ఏవగింపు ఎప్పట్నుంచి మొదలైంది?" అనడిగింది. "పుట్టినప్పట్నుంచి." "ఊఁ. పాట రాని కుక్కరావిడ మీద కూడానా?" చిహారు ఒళ్లోని చేతిసంచీ పట్టీ సరిచేసుకుంది. "మీరు అలసట వల్ల పడిపోయారనుకుంటున్నారు. అలసట ముందొస్తుంది, నిజమే. దాని వెనకాలే ఇది వస్తుంది. ఎదుటివాడు మనిషిలా కనబడ్డం మానేస్తాడు. వాడో బరువు, వాడో చప్పుడు, అంతే. అది చాలా హాయిగా ఉంటుంది, తెలివైనవాళ్లకు మరీను. ఆ తర్వాత ఒకరోజు మనమూ మనిషిలా కనబడ్డం మానేస్తాం, మనకే." అప్పుడు చిహారుకు ఆ ముసలావిడ గుర్తొచ్చింది. కచేరీ కావాలట అన్న మాట గుర్తొచ్చింది. అన్నందుకు బాధ కలగకపోవడం, అంత ఖాళీ అయిపోయిన తన లోపల ఆ మాట ఖణేలుమని మోగడం గుర్తొచ్చింది. జబ్బు బల్ల మీద తల పడ్డ రోజున రాలేదు. అంతకు చాలా ముందే, ఎదుటివాళ్లను చూసి పెదవి వంకరపోవడం సరదాగా మారిన రోజునే వచ్చింది. తన తెలివి అనుకుంది దాన్ని, పైగా మెచ్చుకునేవాళ్లు కూడా దొరికారు.

కోలుకోవడం గురించి సినిమాల్లో చూపించేదంతా అబద్ధం. మొదటి నెలంతా నిద్ర, పాచి వాసన కొట్టే నిద్ర. అమ్మ గదిలోకి వచ్చి, "ఏమే, శవానికైనా అత్తరు పూస్తారు, నువ్వు స్నానమన్నా చెయ్యవే" అని కిటికీ తీసి పోయేది. అమ్మ పాతికేళ్లు ఊరి స్నానశాలలో గల్లాపెట్టె దగ్గర కూర్చుంది, లోకాన్ని బట్టల్లేకుండా చూసింది, దేనికీ బెదరదు. ఆ మధ్య ఒకరోజు అన్నం తింటూ చిహారు చేతిలోంచి ముల్లంగి ఊరగాయ ముక్క జారి చాప మీద పడింది. "క్షమించండి" అంది చిహారు, నడుము నుంచి వంగి, నోట్లో ముద్దతో. అమ్మ చేతిలో అన్నం తినే పుల్లలు ఆగిపోయాయి. "ఎవరితోనే?" అంది. చిహారుకు తెలియలేదు. ముల్లంగితోనేమో. అమ్మ నవ్వుతుందనుకుంది, నవ్వలేదు. కళ్లు ఎర్రబడ్డాయి. "నోట్లో ముద్ద పెట్టుకుని క్షమాపణలేమిటే, పాడుముండా. ముందు మింగు" అని ఇంకో ముక్క కంచంలో వేసింది. ఆ రోజు అన్నం వాసన తెలిసింది చిహారుకు. నెలల తర్వాత మొదటిసారి. అదే కోలుకోవడమని ఆ రోజు తెలియలేదు. ఆ తర్వాత పక్కింటివాడు చెత్త బుట్ట అడ్డంగా పెడితే వీధిలోకి వెళ్లి పోట్లాడింది. డాక్టర్ మకిటాకు చెబితే సంబరపడింది. "కోపం వచ్చిందా? మంచిది. ఏవగింపు వేరు, కోపం వేరు. మనిషిగా కనబడేవాడి మీదే కోపమొస్తుంది." చిహారు మాత్రం తనకున్నది కోపమో ఏవగింపో ఇప్పటికీ తేల్చుకోలేదు. పెదవి వంకర అలాగే ఉంది.

మోరినోమియా స్టేషన్లో తలుపులు తెరుచుకున్నాయి. జనంతోపాటు కుసానో ఎక్కాడు.

చిహారు పెట్టె మీద చేతులు బిగించింది. ఇన్ని రోజుల సాధనలో ఒక్కసారీ ఎదురుపడనివాడు ఆఖరి రోజున ఊడిపడాలా? దరిద్రుడు తలకడుక్కుంటే వడగళ్ల వాన అన్నట్టుంది తన సంగతి. మాస్కు ఉంది కాబట్టి గుర్తుపట్టడు. అయినా కుసానో మనుషుల ముఖాలు ఎప్పుడు చూశాడు గనక, పైవాడి బూట్లు తప్ప. అతను తలుపు పక్కన, చేతికందేంత దూరంలో, అటు తిరిగి నిలబడ్డాడు. అదే బూడిదరంగు కోటు, అదే అడ్డదువ్వు. గుర్తింపు కార్డు అప్పుడే చేతిలోకి తీసుకుని పట్టుకున్నాడు. గేటు ఇంకా ఎంత దూరముందో, ఈయనకు ఎంత తొందరో చూడండి. తలుపు అద్దంలో అతని ముఖం కనబడుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఏదో వల్లె వేస్తున్నాడు. తల కొంచెం వంచుతున్నాడు, ఎత్తుతున్నాడు, వంచుతున్నాడు. చీఫ్ గారు కూడా సాధన చేస్తున్నారన్నమాట. ఎవరికి చెప్పబోయే క్షమాపణో. ఎవరిదో తప్పు తన తప్పని చెప్పడానికి పోతున్నాడు, సాయంత్రానికి ఆ తప్పు ఇంకెవరి నెత్తినో రుద్దుతాడు. ఈ ఆఫీసుల్లో తప్పు కూడా విడివిడిగా చుట్టిన బిళ్లే, బల్ల బల్లకీ తిరుగుతుంది. లేచి నిలబడి, ఏమండీ చీఫ్ గారూ, ఆ వాక్యం నేను చెప్పను అని ఇక్కడే, ఇంతమంది ముందు అనేస్తే? అంటే గోదాము. అనకపోతే డాక్టర్ గారి కుర్చీ. రెండిటిలో ఏదో తేల్చుకోవడానికి ఒక్క స్టేషన్ మిగిలింది.

హొమ్మచి వచ్చేసింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎదురు వరుసలో నిద్రపోతున్నవాళ్లంతా లేచారు. చిహారు కూడా సగం లేచింది, కుసానో దిగాక దిగుదామని ఆగింది. కుసానో దిగలేదు. తలుపు పక్కకు ఒదిగి, చెయ్యి చాపి, ముందు మీరు అన్నట్టు తల వంచాడు. ఒకావిడ దిగింది. మళ్లీ తల వంచాడు, ఒక పెద్దాయన దిగాడు. మీరు, మీరు, ముందు మీరు. దిగేవాళ్లు అయిపోయారు. ఎక్కేవాళ్లు వచ్చారు, వాళ్లకీ ఒదిగాడు, వాళ్లకీ తల వంచాడు. ప్లాట్‌ఫారం మీద రైలు బయల్దేరే సంగీతం మోగింది. ఆఖరివాడు కూడా ఎక్కేశాడు. కుసానో ఇంకా చెయ్యి చాపుకునే, ఎవరూ లేని గుమ్మానికి దారి ఇస్తూ నిలబడ్డాడు. తలుపులు మూసుకున్నాయి.

చిహారు కూడా దిగలేదు. మొదట, దొంగ వెధవ, పని ఎగ్గొట్టి పోతున్నాడు అనుకుంది. జ్వరంతో వచ్చానని చెప్పుకునేవాడి బండారం బయటపడిందని సంబరపడింది కూడా. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఆ చెయ్యి చాపడం తనకు తెలుసు. మంచాన పడకముందు ఆఖరి నెలలో తను కూడా అలాగే చేసింది. లిఫ్టు ముందు నిలబడి అందరికీ దారి ఇచ్చేది. ముందు మీరు వెళ్లండి, నేను తర్వాత వస్తా. లిఫ్టు వెళ్లిపోయేది, ఇంకోటి వచ్చేది, దానికీ అంతే. అందరూ ఇసోబె గారికి ఎంత మర్యాదో అనుకున్నారు. తనూ మర్యాదే అనుకుంది. కాళ్లు లోపలికి వెళ్లడానికి ఒప్పుకోవడం లేదని చెప్పడానికి వాళ్ల దగ్గర వేరే మాట లేదు, మర్యాద తప్ప. మర్యాదగా వరసలో నిలబడి చచ్చేవాళ్ల ఊరు ఇది. చిహారుకు ఒళ్లు మండింది. కుసానో మీద కాదు. ఎవరి మీదో తెలియలేదు గానీ చెవుల దాకా మండింది.

ఇంకో స్టేషన్ దాటాక కిటికీలు ఒక్కసారిగా తెల్లబడ్డాయి. రైలు భూమిలోంచి పైకొచ్చింది. పద్నాలుగేళ్లుగా ఎక్కిన రైలు, హొమ్మచి తర్వాత పైకి వస్తుందని చిహారుకు తెలియదు. మిద్దెల మీద ఆరేసిన పరుపులు, ఒక డాబా మీద బీరు డబ్బాల్లో పెంచుతున్న ఉల్లికాడలు, వాటి మీద ఎండ. కుసానో ఎండకు కళ్లు చిట్లించి నిలబడ్డాడు. రేవు స్టేషన్లో దిగే జనం ఎక్కువగా ఉండి, వాళ్లు తోసుకుంటే అతనూ దిగిపోయాడు. దిగి, ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చున్నాడు. చిహారు వెనకాలే దిగింది. ఎందుకు దిగిందో తనకే తెలియదు. సముద్రపు గాలికి ఉప్పు వాసన, డీజిలు వాసన.

"చీఫ్ గారూ" అంది మాస్కు తీసి.

కుసానో చటుక్కున లేచి నిలబడ్డాడు. "ఇసోబె గారా! ఇవాళ సాధన కదండీ మీకు. ఇక్కడికెందుకొచ్చారు, కాఫీ కొట్టు అక్కడ కదా."

"మీ ఆఫీసూ అక్కడే కదండీ."

"అవునవును, నిజమే నిజమే" అన్నాడు, నవ్వాడు, ఆ నవ్వే. నవ్వు మధ్యలో ఎక్కడో తెగిపోయింది. "నాలుగు రోజుల్నుంచి ఇలాగే అవుతోందండీ. దిగుదామనే అనుకుంటాను. అవతలి ప్లాట్‌ఫారం మీద ఎక్కి వెనక్కి వెళ్లి దిగుతున్నాను. రైలు ఆలస్యమని చెబుతున్నాను."

"ఈ రైలు ఎప్పుడైనా ఆలస్యమైందా?"

"అదేనండీ, ఇవాళ ఏం చెప్పాలా అని చూస్తున్నాను."

ఎంత చేతకానివాడు. అబద్ధం కూడా నమ్మేలా చెప్పలేనివాడు. ఇలాంటివాడికా తను మూడు నెలల అసహ్యాన్ని ధారపోసింది? చిహారు ఏదో అనబోయింది. ఈలోపు అతని జేబులో ఫోన్ మోగింది. తెర మీద పేరు చూడగానే కుసానో కోటు బొత్తాం పెట్టుకున్నాడు. ఫోన్ చెవికి ఆనించుకుని, "కుసానోనండీ, క్షమించండి. అవునండీ. క్షమించండి" అని వంగాడు, నడుము నుంచి. "రైలు... క్షమించండి. అందరూ నిలబడి ఉన్నారా అండీ, క్షమించండి" అని ఇంకా వంగాడు. అడ్డంగా దువ్విన వెంట్రుకలు గాలికి లేచి ఒక పక్కకు పడ్డాయి, నున్నటి నెత్తి ఎండలో కనబడింది. "మనస్ఫూర్తిగా..." అన్నాడు. అక్కడ ఆగాడు. మళ్లీ లేవలేదు. నాలుగు క్షణాలు, ఆరు. ఫోన్లో హిరాయామా గొంతు చిన్నగా అరుస్తోంది. కుసానో వంగే ఉన్నాడు. అతని మెడ వెనక కాలరు మీద చెమట మరక. ఆ మెడలో ఏమవుతోందో, కళ్ల ముందు నేల ఎంత చల్లగా, ఎంత దగ్గరగా, ఎంత హాయిగా కనబడుతోందో లోకంలో ఇంకెవరికీ తెలియదు, చిహారుకు తెలుసు.

ఆమె పెట్టె బెంచీ మీద పెట్టి, అతని వేళ్ల మధ్య నుంచి ఫోన్ లాక్కుంది.

"వింటున్నావా కుసానో? నీ మూలంగా ఇక్కడ అందరూ..."

"కుసానో గారు ఇవాళ రారు" అంది చిహారు. పద్నాలుగేళ్ల అలవాటు గొంతు, తేనె గొంతు. దాని వెనకాలే, ఊపిరి వెనక ఊపిరిలాగా, ఆ మాట నాలుక మీదికి వచ్చేసింది. నడుము కూడా వంగబోయింది. చిహారు బెంచీ వీపు పట్టుకుని నిటారుగా నిలబడి, ఆ మాటను మింగింది.

"ఎవరు మాట్లాడేది?"

"హృదయ వారధి. ఇసోబె."

"ఇసోబెనా? నువ్వు... సోమవారం కదా నువ్వు? కుసానో ఎందుకు రాడు? కారణం చెప్పు."

"ఒంట్లో బాగాలేదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇంకో సంగతి, సోమవారం సమావేశంలో నన్ను చెప్పమన్న వాక్యం నేను చెప్పను. గోదాముకు పంపాలనుకుంటే పంపండి." అవతల ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం వెనక చాలామంది మనుషులు నిలబడి ఊపిరి బిగబట్టడం వినబడింది. ఇలాంటి మౌనంలోనే ఎప్పుడూ క్షమించండి అనేది తను. అనకుండా ఎంతసేపు ఉండొచ్చో చూద్దామని ఉంది. తర్వాత ఫోన్ ఆపేసి కుసానో కోటు జేబులో పడేసింది.

భుజాలు రెండూ పట్టుకుని లేపి బెంచీ మీద కూర్చోబెట్టింది. బరువుగా ఉన్నాడు, వెచ్చగా ఉన్నాడు. అతను పెట్టె వంక చూశాడు. "అది సోమవారానిది కదండీ" అన్నాడు. చిహారు ఊదా కాగితం పరపరా చించింది. "విడివిడిగా చుట్టినవేనా?" అనడిగాడు.

"విడివిడిగా చుట్టినవే." ఛీ, ఇప్పుడు కూడా. ఒక బిళ్ల పైకాగితం విప్పి అతని చేతిలో పెట్టింది, ఇంకోటి తను తీసుకుంది. పెంకు పెళుసుగా ఉంది, లోపల పూర్ణం మెత్తగా, కాస్త ఎక్కువ తీపిగా. మంచి కొట్టుదే. కుసానో ఒకేసారి సగం కొరికాడు. నములుతూ నములుతూ ముఖం ముడుచుకుంది, గడ్డం వణికింది. పొడి పొడిగా ముక్కలు కోటు మీద రాలాయి. ఆ ముక్కలు చూసుకుని, నిండిన నోటితోనే, కూర్చున్నచోటు నుంచే వంగబోతూ, "క్షమిం..." అన్నాడు.

చిహారు అరచెయ్యి అతని నుదుటి కింద పెట్టి ఆపింది.

"ముందు మింగండి" అంది.